రెండు వందల పదకొండో పాఠం

తూములపాడు మునిసిపాలిటీకి ఆ ఏడు ఏ గండమూ లేదు. వరద రాలేదు, గాలివాన రాలేదు, ఆఖరికి ఎన్నికలు కూడా రాలేదు. అంతా సవ్యంగానే ఉందిరా భగవంతుడా అనుకుంటున్న సమయంలో కమిషనర్ త్రివిక్రమరావుగారిని మూడు రోజుల శిక్షణకని రాజధానికి పంపారు. ఆయన వట్టి చేతులతో తిరిగొచ్చినా బాగుండేది. ఇటుక రాయంత పుస్తకం ఒకటి చంకన పెట్టుకుని దిగారు.

అందులో మూడు వందల అరవై పాఠాలున్నాయి. ఒక్కో పాఠం ఒక్క పేజీ. ఒక రోజు తేనెటీగలు, మర్నాడు అగ్నిపర్వతాలు, ఆ మర్నాడు జున్ను తయారీ. ఒకదానికీ ఇంకోదానికీ పొంతన ఉండదు. ప్రతి పేజీ అడుగునా పది కొత్త ఇంగ్లీషు మాటలు, గళ్ళు గీసి మరీ ఉంటాయి. రోజుకో పాఠం చదివితే ఏడాది తిరిగేసరికి మూడువేల ఆరువందల మాటలు వచ్చి తీరతాయని అట్ట మీదే రాశారు.

వారం తిరక్కుండా సర్క్యులర్ వచ్చింది. "పురపాలక సిబ్బందికి తెలియజేయునదేమనగా, ఆంగ్ల పద సముపార్జనా కార్యక్రమమున భాగముగా ప్రతిదినము ఉదయము పదిన్నర నుండి పదకొండున్నర వరకు సమావేశ మందిరమున పఠనము జరుగును. ఎల్లరూ విధిగా హాజరు కావలెను."

ఎల్లరూ ఎగిరి గంతేశారు. పనివేళల్లో గంటసేపు ఫ్యాన్ కింద కూర్చోబెట్టి తేనెటీగల గురించి చెబుతామంటే కాదనేదెవరు? నీటి సరఫరా విభాగంలో జూనియర్ అసిస్టెంట్ అచ్యుతవల్లి అందరికంటే ముందు వెళ్ళి మొదటి వరసలో కూర్చుంది. ఇరవయ్యేళ్ళుగా ఆఫీసుకి ఐదు నిమిషాలు ముందే వచ్చే మనిషి. ఏ కాగితమైనా చేతికిస్తే దానికి తాడు కట్టి, నంబరు వేసి, వెళ్ళాల్సిన చోటికి పంపేదాకా నిద్రపట్టదు. అలాంటి మనిషికే రాసిపెట్టి ఉంది చూడండి ఖర్మ.

ఆరో పాఠం రోజున గానుగల వీధిలో తాగునీటి పెద్ద పైపు పగిలింది. నీళ్ళు మనిషెత్తు లేచి, ఇడ్లీలమ్ముకునే నూకరత్నం పొయ్యి ఆర్పేసి మరీ వీధంతా పారాయి. అచ్యుతవల్లి ఇల్లు కూడా ఆ వీధిలోనే. ఫిట్టర్ గవర్రాజు పరుగున వచ్చి వాల్వు కట్టేశాడు. వీధి మొత్తానికి నీళ్ళు ఆగిపోయాయి.

గోతిలోకి వంగి చూసి గవర్రాజు తేల్చేశాడు. "పైపు అతుకు మీది కాలరు పోయిందండి. కొత్తది తొడిగితే అరగంట పని. మీరు చీటీ రాయించండి, మధ్యాన్నం బువ్వేళకల్లా నీళ్ళొదిలేత్తాను."

"మరి వాల్వు కట్టడానికి చీటీ కావాల్సి రాలేదేం?" అంది నూకరత్నం.

"ఆపడానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు పిన్నీ. ఇప్పడానికే."

"సాయంత్రానికల్లా నీళ్ళొస్తాయి, నాదీ పూచీ," అని వీధివాళ్ళందరి ముందూ చెప్పి అచ్యుతవల్లి ఆఫీసుకి వెళ్ళింది. ఇరవయ్యేళ్ళలో ఆవిడ మాట ఒక్కసారీ తప్పలేదు. గానుగల వీధిలో ఆవిడ మాటంటే నీళ్ళొచ్చినట్టే లెక్క.

ఆఫీసులో ఆ ఉదయమే రెండో సర్క్యులర్ అంటించారు. కమిషనర్‌గారికి రాత్రి ఒక సందేహం వచ్చిందట. నేర్చుకున్న మాటలు వాడకపోతే నేర్చుకుని ఏం లాభం? కాబట్టి ఇక మీదట ఫైళ్ళన్నీ ఇంగ్లీషులోనే నడవాలి. అదీ పాఠాల్లో వచ్చిన మాటలతోనే నడవాలి. ఊళ్ళ పేర్లకీ, మనుషుల పేర్లకీ, 'ఆఫ్', 'ఈజ్' లాంటి చిల్లర మాటలకీ మినహాయింపు. మిగతా ప్రతి మాట పక్కనా అది ఎన్నో పాఠంలో వచ్చిందో ఎర్ర సిరాతో వెయ్యాలి. నంబరు లేని మాట ఉన్న ఫైలు వెనక్కి పోతుంది.

మేనేజర్ హయగ్రీవంగారి బల్ల మీద అప్పటికే పద రిజిస్టర్ వెలిసింది. అచ్యుతవల్లి ఫైలుని ఆయన కళ్ళజోడు పైకీ కిందకీ జరిపి రెండుసార్లు చదివారు.

"వాటర్ అని రాశావు. ఎన్నో పాఠం?"

"పాఠంలో రాలేదండి. కానీ వాటరంటే అందరికీ తెలిసిందే కదండీ."

"తెలిసిన మాటకీ నేర్చుకున్న మాటకీ తేడా ఉందమ్మా. నీకు తెలుసని నాకు తెలుసు. కానీ తెలుసని రికార్డేదీ?" అని ఆయన ఎంతో బాధగా తల పంకించారు. "పైప్ అన్నావు, అదీ రాలేదు. లీక్, రిపేర్, బ్రోకెన్... ఏమిటమ్మా ఇది? రోజూ ముందు వరసలో కూర్చుంటావు. ఇంత బాధ్యతారాహిత్యమా?"

"మరెప్పుడొస్తాయండీ ఆ మాటలు?"

పుస్తకాన్ని ముందే తిరగేస్తే పరీక్ష పేపరు బయటపెట్టినంత నేరం. అందుకని దాన్ని బీరువాలో పెట్టి సీలు వేశారు. విషయసూచిక మాత్రం నోటీసు బోర్డు మీద ఉంది. హయగ్రీవంగారు వేలుతో వెతికి వెతికి చూపించారు. నగరంలో నీటి గొట్టాలు, రెండు వందల పదకొండో పాఠం.

సెలవులూ ఆదివారాలూ తీసేస్తే పది నెలలు. అచ్యుతవల్లి ఆ నంబరుని ఫైలు అట్ట మీద రాసుకుంది.

ఆ సాయంత్రం ఇంటికి వెళుతుంటే నూకరత్నం ఎదురొచ్చింది. "ఏటండీ వల్లమ్మగారూ, పూచీ అన్నారు! నీళ్ళాఫీసులో మీరుండీ మాకీ కరువేటండీ? పిండి రుబ్బుకోడానికి నాలుగు వీధులవతల నించి బిందెలు మోత్తన్నాను. ఆళ్ళు రోజూ ఊరుకుంటారేటి?"

అచ్యుతవల్లికి తల ఎత్తాలనిపించలేదు. కాగితం మీద ఓడిపోవడం అదే మొదటిసారి. సిగ్గుతో చచ్చిపోయింది పాపం.

ఊరు మాత్రం చిత్రంగా తొందరగానే సర్దుకుంది. నోటీసు బోర్డు ముందు జనం చేరి పంచాంగం చూసుకున్నట్టు విషయసూచిక చూసుకునేవారు. ఇరవై రెండో పాఠం పెళ్ళి ఆచారాలట. ఆ రోజు పెళ్ళి రిజిస్ట్రేషన్లకి గేటు దాకా వరస కట్టారు. ముప్పై ఒకటోది కుక్కల పెంపకం. ఆ ఒక్కరోజే ఊరకుక్కల మీద ఫిర్యాదులు తీసుకున్నారు. జనన మరణాల గుమస్తా సత్తిరాజు దగ్గర మాత్రం రోజూ గొడవే.

"మీ నాన్నగారి మరణం పిరమిడ్ల పాఠంలో వస్తుందండి, రెండు వందల ఎనభై ఎనిమిది. అప్పటిదాకా ఆయన బతికున్నట్టే."

"ఆయనకేం తొందర లేదు బాబూ," అన్నాడు వచ్చినాయన, "తొందర మాకే."

అచ్యుతవల్లి ఊరికే కూర్చునే మనిషి కాదు. ఉన్న మాటల్తోనే పైపు సంగతి చెప్పి తీరాలని పంతం పట్టింది. అగ్నిపర్వతాల పాఠం పట్టుకుని, గానుగల వీధిలో భూమి పగిలి పైకి ఎగజిమ్మిందనీ, పెద్ద గొయ్యి పడిందనీ రాసింది. మాటలన్నిటికీ నంబర్లున్నాయి. ఫైలు జామ్మని వెళ్ళింది. వెళ్ళి, ఆగకుండా విపత్తుల విభాగానికి చేరింది. మూడో రోజున ఒక డిప్యూటీ తహసీల్దారు నలుగురు సిబ్బందితో, మూతికి గుడ్డలు కట్టుకుని జీపులో దిగాడు.

"లావా ఎక్కడమ్మా?" అని అడిగాడు నూకరత్నాన్ని.

"ఆ పేరుగలాళ్ళు మా వీధిలో ఎవరూ లేరండి," అంది నూకరత్నం.

ఆయన గోతిలో చెయ్యి పెట్టి చూశాడు. చల్లగా ఉంది. "అగ్నిపర్వతము చల్లారినది. ప్రజలు భయపడనవసరము లేదు," అని రాసి, వీధిలో అందరిచేతా సంతకాలు పెట్టించుకుని వెళ్ళిపోయాడు. గవర్రాజు గోతి గట్టున కూర్చుని, "అరగంట పనండి బాబూ," అని తనలో తనే అనుకున్నాడు.

ముప్పై ఏడో పాఠం మంచుఖండం. త్రివిక్రమరావుగారు కళ్ళు అరమోడ్చి పెంగ్విన్ల నడక వర్ణిస్తున్నారు. బల్ల మీద చల్లటి మంచినీళ్ళ గ్లాసు పెట్టుకుని గుటకకీ గుటకకీ మధ్య పాఠం చదువుతున్నారు. అచ్యుతవల్లి ఆ గ్లాసు వంక చూసింది, నల్లబల్ల మీదున్న పది మాటల వంక చూసింది. ఐస్ ఉంది. మెల్ట్ ఉంది. పన్నెండో పాఠంలో పావురాల టపా గురించి చదివారు, అందులో సెండ్ ఉంది. ఒసేయ్ పిచ్చిదానా, ఇన్నాళ్ళూ వాటర్, వాటరని ఏడ్చావేమే అని తనని తనే తిట్టుకుంది.

పావుగంటలో ఫైలు తయారైంది. 'గానుగల వీధికి కరిగిన ఐసు పంపవలెను.' అంతే. ప్రతి మాట పక్కనా ఎర్ర నంబరు.

త్రివిక్రమరావుగారికి ఆనందబాష్పాలొచ్చాయి. "మెల్టెడ్ ఐస్! చూశావయ్యా హయగ్రీవం! పొద్దున్న నేర్పాను, మధ్యాన్నానికి పౌరసేవలోకి వచ్చేసింది. సాంక్షన్!" అని అరచెయ్యంత సంతకం చేశారు.

సాయంత్రానికి గానుగల వీధిలోకి ట్యాంకరొచ్చింది. దాని మీద పెద్ద పెద్ద అక్షరాలతో 'కరిగిన ఐసు' అని అంటించారు. నూకరత్నం దోసిలితో పట్టి తాగి చూసి, "నీళ్ళే!" అంది.

"గట్టిగా అనకే తల్లీ," అంది అచ్యుతవల్లి, చుట్టూ చూసి.

ఆ రాక రోజు విడిచి రోజు, మనిషికి రెండు బిందెలు. పైపుతో పోలిస్తే ఏ మూలకీ చాలదు గానీ, గొంతు తడిసింది. కథ ఇక్కడే ఆగితే బాగుండేది. ఆగలేదు. కమిషనర్‌గారు పైకి నివేదిక పంపారు. పైవాళ్ళు ఇంకా పైకి పంపారు. నెల తిరక్కుండా ప్రాంతీయ సంచాలకులు మెళ్ళో దండతో వచ్చి, పగిలిన పైపు గోతికి రిబ్బను కత్తిరించి, ఉపన్యాసమిచ్చారు. "భాషాభివృద్ధినీ మౌలిక వసతులనూ సమ్మిళితము చేసిన ఇట్టి వినూత్న నమూనా మరెక్కడా లేదు. దీనిని అన్ని వార్డులకూ విస్తరింపజేయవలసిన ఆవశ్యకత ఎంతైనా ఉన్నది!"

విస్తరించడానికి ఒక చిక్కొచ్చింది. మిగతా వార్డుల్లో కొళాయిలు బాగానే వస్తున్నాయి. నీళ్ళొచ్చే వీధి ఈ పథకానికి అర్హం కాదని మార్గదర్శకాల్లో ఉంది. అప్పుడు త్రివిక్రమరావుగారు బాగా ఆలోచించి, వీధులకి అర్హత కల్పించమని ఉత్తర్వు ఇచ్చారు. గవర్రాజు చేత రోజుకో వీధి చొప్పున వాల్వులు కట్టించారు. అయిదు నెలల్లో తూములపాడు నూటికి నూరుపాళ్ళు అర్హత సాధించింది. ఊరి పొలిమేరలో బోర్డు కూడా కట్టారు.

"పుట్టి బుద్ధెరిగాక ఇలాంటి పని చెయ్యలేదండి," అన్నాడు గవర్రాజు. "నేను నీళ్ళిచ్చేవోణ్ణి. వీధిలోకెళితే పిల్లలు కూడా రాళ్ళుచ్చుకుంటన్నారు."

అచ్యుతవల్లికి అన్నం సయించలేదు. ఒక్క వీధికి నీళ్ళు తెప్పిద్దామని తను రాసిన మూడు ముక్కలు ఊరు మొత్తాన్నీ ఎండబెట్టాయి. ఇంకేం చెయ్యగలదు? రెండు వందల పదకొండు కోసం వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంటూ కూర్చుంది. ఆ ఒక్క రోజు వస్తే చాలు, సరైన మాటల్తో సరైన ఫైలు పెడుతుంది, పైపు బాగవుతుంది, వాల్వులు తెరుస్తారు. అదే ఆశ.

ఆ రోజు రానే వచ్చింది. వాటర్, పైప్, లీక్, రిపేర్, ఒకదాని వెనక ఒకటి నల్లబల్ల మీదకి దిగాయి. నూకరత్నం పొద్దున్నే దేవుడికి కొబ్బరికాయ కొట్టి, వేడి ఇడ్లీలు మూటకట్టి ఆఫీసుకి పంపింది. పాఠం ముగియగానే అచ్యుతవల్లి రాసేసింది. 'గానుగల వీధిలో వాటర్ పైపు లీకు. రిపేరు చేయవలెను.' ఇరవయ్యేళ్ళ ఉద్యోగంలో అంత ముచ్చటైన ఫైలు తను పెట్టలేదు. హయగ్రీవంగారు టిక్కులు పెట్టి, మెచ్చుకుని లోపలికి పంపారు.

త్రివిక్రమరావుగారు చదివి, ఫైలుని నెమ్మదిగా పక్కన పెట్టారు.

"వాక్యాలు చాలా బాగున్నాయమ్మా. వ్యాకరణం నిర్దుష్టంగా ఉంది. కానీ పైపు బాగుచేయడం కుదరదు."

"ఏమండీ?" అంది అచ్యుతవల్లి.

"గానుగల వీధి మన పథకానికి మాతృక. అక్కడ పైపు బాగైతే ఆ వీధి అర్హత కోల్పోతుంది. అది కోల్పోతే మిగతావన్నీ కోల్పోతాయి. వచ్చే నెల అవార్డు కమిటీ వస్తోంది. పథకాన్ని నువ్వే నీరుగారుస్తానంటే ఎలా? నువ్వే కదమ్మా దీనికి తల్లివి!"

తల్లి! అచ్యుతవల్లికి అరికాలి మంట నెత్తికెక్కింది. "అయ్యా, పది నెలలుగా మావాళ్ళు బిందెలు మోస్తున్నారండి. మాటలు రాలేదన్నారు, వచ్చేదాకా ఆగాను. ఇప్పుడు మాటలొచ్చాక పని వద్దంటున్నారు. మాటలెందుకండీ మరి?"

"పదసంపదకమ్మా," అన్నారాయన, ఎంతో శాంతంగా.

మర్నాడు రెండు వందల పన్నెండో పాఠం. పదిన్నరకి గంట కొట్టారు. కమిషనర్ మొదలు అటెండరు దాకా అందరూ సమావేశ మందిరంలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. అచ్యుతవల్లి మాత్రం వెళ్ళలేదు. స్టోరు తాళం ఆవిడ దగ్గరే ఉంటుంది. గంట మోత ఆగాక ఆవిడ లేచి, స్టోరు తెరిచి, ఒక కొత్త కాలరు బయటకి తీయించింది. ఊరికే తీస్తే దొంగతనం. ఆవిడ దొంగ కాదు. స్టాకు పుస్తకం తెరిచి, పది నెలల తర్వాత, తెలుగులో గుండ్రంగా రాసింది. 'కాలరు ఒకటి. గానుగల వీధి పైపుకి. నేనే ఇచ్చాను.' కింద పూర్తి పేరుతో సంతకం చేసింది. ఒక్క అక్షరం వంకర పోలేదు.

"చీటీ ఉందాండీ?" అన్నాడు గవర్రాజు, నమ్మలేక.

"నేనున్నాను కదయ్యా, పద," అంది అచ్యుతవల్లి.

పట్టపగలు, వీధి వీధంతా చుట్టూ నిలబడి చూస్తుండగా గవర్రాజు గోతిలోకి దిగాడు. మట్టి తీశాడు, పాత కాలరు ఊడదీశాడు, కొత్తది తొడిగాడు, బోల్టులు బిగించాడు. వెళ్ళి వాల్వు తిప్పాడు. కొళాయి ముందు దగ్గింది, తర్వాత తుప్పు కక్కింది, ఆ తర్వాత ధారగా పోసింది. నూకరత్నం కొళాయి కింద తల పెట్టేసి చిన్నపిల్లలా కేకలేసింది. అచ్యుతవల్లికి ఏడుపొచ్చింది. ఆపుకోలేదు, హాయిగా ఏడ్చేసింది.

మధ్యాహ్నానికి సంగతి కమిషనర్‌గారికి తెలిసింది. ఆయన నిప్పులు తొక్కారు. "ఛార్జి మెమో ఇవ్వండి! క్రమశిక్షణ ఉల్లంఘన! ధిక్కారం! ఉద్యోగం ఊడగొడతాను!"

హయగ్రీవంగారు పద రిజిస్టరూ విషయసూచికా మొదటినించి చివరిదాకా తిరగేశారు. చెమటలు పట్టాయి. "క్రమశిక్షణ మూడు వందల ఇరవయ్యో పాఠమండి. ధిక్కారమూ, సస్పెన్షనూ అసలు సూచికలోనే లేవు."

"ఉన్నవాటితో రాయవయ్యా!"

రెండు గంటలు తంటాలుపడి తయారుచేసిన మెమో సాయంత్రం అచ్యుతవల్లి చేతికొచ్చింది. తేనెటీగల పాఠంలోని మాటలే వాళ్ళకి కాస్త దగ్గరగా తగిలాయి. తెలుగులో చెప్పుకోవాలంటే ఇదీ దాని సారాంశం. 'నీవు పనిచేయు ఈగవు. రాణి తేనెపట్టులో ఉండగా, రాణికి తెలియకుండా తేనెపట్టు విడిచి ఎగిరిపోతివి. ఎందులకు కుట్టితివి?' మూడు రోజుల్లో జవాబివ్వాలి.

అచ్యుతవల్లి మూడు రోజులు తీసుకోలేదు, నిలబడే రాసింది. రెండే మాటలు.

'వాటర్ కేమ్.'

హయగ్రీవంగారు తీసుకుని ఎర్ర కలం విప్పారు. వాటర్, రెండు వందల పదకొండు. కేమ్, అరవై, రైలు ప్రయాణం. రెండింటికీ టిక్కు పెట్టారు. కాగితం లోపలికెళ్ళింది. త్రివిక్రమరావుగారు తప్పు పట్టాలని దాన్ని తిప్పి తిప్పి చూశారు. ఒక్క తప్పూ దొరకలేదు. చివరికి కింద రాశారు. 'కర్త ఉంది, క్రియ ఉంది. ప్రయోగం ఉత్తమం. ఫైలు మూసివేయడమైనది.'

మర్నాడు పదిన్నరకి గంట కొట్టినప్పుడు మందిరంలో సత్తిరాజు కుర్చీ ఖాళీగా ఉంది. కిటికీలోంచి చూస్తే తన గదిలో కూర్చుని, మరణ ధ్రువపత్రాలు తెలుగులో టకటకా రాసి పారేస్తున్నాడు. బయట వరసలో నిలబడ్డవాళ్ళు చప్పుడు చెయ్యకుండా ఒక్కొక్కరే తీసుకెళుతున్నారు. ఆ పై రోజు పారిశుధ్యం వాళ్ళు రాలేదు, కాలవలు తీయడానికెళ్ళారు. గవర్రాజయితే ఆ గంటలోనే రోజుకో రెండు వీధుల వాల్వులు తెరిచేవాడు. తెరిచిన వీధిలోకి ట్యాంకరు వస్తే ఎవరూ కిక్కురుమనేవారు కాదు. డ్రైవరుకి ఇడ్లీ పెట్టి, నిండు ట్యాంకరు వెనక్కి పంపేవారు. అవార్డు కమిటీ వచ్చి ట్యాంకరు లెక్కలు చూసి, సంతోషించి, అవార్డిచ్చి వెళ్ళింది.

నెల తిరిగేసరికి మందిరంలో ఇద్దరే మిగిలారు. ఒకరు చదివేవారు, ఒకరు టిక్కులు పెట్టేవారు. మిగతా కుర్చీల్లో ఎవరూ లేరన్న సంగతి వాళ్ళు గమనించారో లేదో తెలీదు. కమిషనర్‌గారు మాత్రం మరో ఆరేడు నెలలకి మూడు వందల అరవై పాఠాలూ పూర్తిచేసి, ప్రజాభిప్రాయం కోరుతూ ప్రకటన వేశారు. రెండో భాగం తెప్పించమంటారా, వద్దా?

ఊరు ఊరంతా కదిలొచ్చింది. వేలిముద్రలతో సహా నాలుగు వేల సంతకాలతో అర్జీ ఇచ్చారు. అందులో మొదటి సంతకం అచ్యుతవల్లిది. రెండో భాగం తెప్పించాలనీ, కుదిరితే మూడూ నాలుగూ కూడా తెప్పించాలనీ, గంట ఏ మూలకీ చాలదు గనక రోజంతా చదవాలనీ ఊరివాళ్ళు చేతులు జోడించి వేడుకున్నారు.